కమానుల కింద వాన చప్పుడు: లా రోషెల్ పాత వీధుల జ్ఞాపకాలు

ఫ్రాన్స్ పడమటి తీరపు రేవు పట్టణం లా రోషెల్‌లో కొన్నాళ్లు తిరిగినవాళ్లకు ఆ ఊరు ముందు చెవుల్లోనే గుర్తొస్తుంది. ర్యూ ద్యు మినాజ్‌లో వాన మొదలైందంటే నడివీధి క్షణంలో ఖాళీ అవుతుంది. ఊరంతా రెండు వైపులా కమానుల కిందికి చేరుతుంది. బయట రాళ్ల మీద చినుకుల మోత, లోపల చెప్పుల చప్పుడు, దుకాణాల గుమ్మాల్లో మాటలు. గొడుగు లేకపోయినా బజారు పని ఆగదు. అక్కడివాళ్లు ఈ కమానుల దారిని 'పోర్ష్' అంటారు. ఒకప్పుడు ధాన్యం కొలిచి సుంకం వసూలు చేసిన వీధి ర్యూ ద్యు మినాజ్. దారాలు, బట్టలు, చిల్లర సామాను అమ్మిన వీధి ర్యూ దె మెర్సియే. గడియారపు బురుజు గ్రోస్ ఓర్లోజ్ దాటి లోపలికి వస్తే ర్యూ ద్యు పాలే, దాని కొనసాగింపుగా ర్యూ షోద్రియే. వీటన్నిటిలోనూ ఇళ్లు కింది అంతస్తు ముందు భాగాన్ని వీధికి వదిలేసి, పై గదులను ఆ దారి మీదికి చాచుకుని నిలబడ్డాయి. మన ఊళ్లలో అరుగు దారినపోయేవాడికి నీడ ఇచ్చినట్టే ఇదీ. తేడా ఒక్కటే, ఇక్కడ అరుగు మీద రెండు మూడు అంతస్తుల బరువుంది.

ఆ బరువు మోసే రాతి స్తంభాల గురించే ఈ జ్ఞాపకాలు. వాటిని కాపాడిన పద్ధతుల గురించి, పాడుచేసిన పద్ధతుల గురించి కూడా.

ఆ వీధుల్లో రెండు కమానులు ఒకేలా ఉండవు. ఒకటి అర్ధచంద్రాకారం, పక్కది కాస్త అణిగిన బుట్ట పిడి ఆకారం, ఆ పక్కన కమానే లేకుండా అడ్డ దూలం. నేల కూడా ఇంటింటికీ మారుతుంది, ఒకచోట అరమెట్టు ఎక్కితే ఇంకోచోట దిగాలి. ఎవరి ఇంటి ముందు భాగం వాళ్లే, ఎప్పుడు డబ్బుంటే అప్పుడు కట్టుకున్నారు కాబట్టి ఇలా అయింది. ఈ ఎగుడుదిగుడును సరిచేసి అందంగా సమం చేద్దామని చూసిన ప్రతిసారీ వీధి కొంత చచ్చిపోయింది. మరమ్మతుకు దిగేవాళ్లు ముందు నేర్చుకోవలసింది ఏ ఇంటి కమాను ఆ ఇంటిదేనని. పక్కింటి కొలత తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

రాయి సున్నపురాయి. ఊరి చుట్టూ ఉన్న ఒనిస్ ప్రాంతం నేలంతా అదే. మెత్తగా చెక్కుడుకు లొంగే మేలు రకం షారంత్ నది ఒడ్డున ఉన్న క్రజాన్ లాంటి గనుల నుంచి పడవల మీద వచ్చేది. కొత్తగా చెక్కినప్పుడు వెన్నలా తెల్లగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పైన సన్నటి గట్టి పొర కడుతుంది. ఆ పొరే రాయికి కవచం. ఇసుకను ఒత్తిడితో కొట్టి గోడలు తెల్లబరిచే పద్ధతి ఈ కవచాన్నే ఊడ్చేస్తుంది. గోడ కొన్నాళ్లు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంది, ఆ తర్వాత నల్లబడటమే కాదు, పిండిలా రాలడం మొదలుపెడుతుంది. మురికి వదిలించాలంటే సన్నటి నీటి తుంపర, మెత్తటి కుంచె, ఓపిక కావాలి. నల్లటి పెచ్చు గట్టిగా పట్టినచోట తడి గుజ్జు పట్టీ వేసి నానబెట్టాలి.

అసలు శత్రువు ఉప్పు. సముద్రం మీదుగా వచ్చే గాలి తెచ్చేది కొంత, నేలలోంచి చెమ్మతో పైకి పాకేది కొంత. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరిగి నీరవుతుంది, తగ్గితే మళ్లీ స్ఫటికం కడుతుంది. రేవు ఊళ్లో తేమ ఒక్క రోజులోనే ఆ గీతను అటూ ఇటూ దాటుతుంది. కరిగిన ప్రతిసారీ ఉప్పు రాయి రంధ్రాల్లోకి ఇంకుతుంది, గట్టిపడిన ప్రతిసారీ ఆ రంధ్రాల గోడలను నెడుతుంది. అందుకే స్తంభం అడుగు నుంచి నడుము ఎత్తు దాకా రాయి పొరలు పొరలుగా లేచి, గోకితే పంచదారలా చేతిలోకి వస్తుంది. పైభాగం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. 2010 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున జింతియా తుఫాను వచ్చినప్పుడు ఊరి పెద్ద ఓడరేవు లా పాలిస్‌లోని కొలమానంలో సముద్ర మట్టం 8.01 మీటర్లకు చేరింది. పాత రేవు చుట్టుపక్కల వీధుల్లోకి ఉప్పునీరు వచ్చింది. అలా తడిసిన గోడకు నీళ్లు తగ్గగానే రంగులు వేసి మూసేస్తే ఉప్పు లోపలే చిక్కుబడి, పూతను చీల్చుకుని బయటికొస్తుంది. ముందు ఆరనివ్వాలి, ఆ తర్వాత ఉప్పు లాగాలి.

ఉప్పు లాగే పద్ధతి తెలిసినవాళ్లకు అది వంటలాంటిది. కాగితం గుజ్జు, తెల్ల బంకమన్ను, కడిగిన సన్నటి ఇసుక తీసుకుని ఉప్పు లేని శుద్ధజలంతో ముద్దగా కలుపుతారు. ముందు పొడి కుంచెతో రాలే ఉప్పును దులిపి ఎత్తేస్తారు. నీళ్లతో కడిగితే ఆ ఉప్పంతా మళ్లీ లోపలికే పోతుంది, ఇది అందరూ చేసే పొరపాటు. రాయిని కొద్దిగా తడిపి, ఆ ముద్దను 1 నుంచి 2 సెంటీమీటర్ల మందాన గాలి బుడగ లేకుండా అదిమి పట్టిస్తారు. అది ఆరుతూ ఆరుతూ రాయిలోని ఉప్పునీటిని తనలోకి పీల్చుకుంటుంది. రెండు మూడు వారాలకు పూర్తిగా ఆరి అంచులు లేస్తుంది, అప్పుడు ఊడదీస్తారు. ఒక్కసారితో అయిపోదు. ఊడిన ముద్దను నీటిలో కలిపి ఆ నీటి విద్యుత్ వాహకత కొలిస్తే ఎంత ఉప్పు వచ్చిందో తెలుస్తుంది. వరసగా చేసే పూతల్లో ఆ అంకె పడిపోతూ వస్తే పని నడుస్తున్నట్టు. తగ్గకపోతే కింద నుంచి కొత్త ఉప్పు వస్తున్నట్టు. అప్పుడు వెతకాల్సింది స్తంభంలో కాదు, దారి పరుపు కింద.

ఆ దారి పరుపు సంగతి వేరే చెప్పాలి. పాతకాలంలో కమానుల కింద పెద్ద రాతి పలకలు ఇసుక, సున్నం పరుపు మీద పరిచేవారు. నేలలోని చెమ్మ పలకల సందుల్లోంచి ఆవిరయ్యేది. 20వ శతాబ్దంలో చాలాచోట్ల వాటి మీద సిమెంటు, తారు వచ్చాయి. దారి పొడిగా కనిపించింది. చెమ్మకు ఉన్న ఒకే దారి స్తంభం కావడంతో అది రాయిలో ఇంకా పైకి ఎక్కింది. అదే స్తంభానికి సిమెంటు పూస్తే ఇంకా పైకి. స్తంభం కింద మీటరు ఎత్తున సిమెంటు తొడుగు తొడిగి 'బలపరిచాం' అన్న చోటల్లా ఆ తొడుగు పై అంచు దగ్గర రాయి గుల్లయింది. మళ్లీ పలకలు పరిచేటప్పుడు వీధి వైపు వాలు నూటికి 1 నుంచి 2 ఇస్తే చాలు. 3 మీటర్ల వెడల్పుకు 3 నుంచి 6 సెంటీమీటర్లు. అంతకంటే ఎక్కువైతే వయసుమళ్లినవాళ్ల కాలు జారుతుంది. తక్కువైతే నీరు స్తంభం మొదట్లో నిలుస్తుంది.

సున్నం అంటే మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గానుగ సున్నం, డంగు సున్నం పేర్లు విన్న ప్రతివాళ్లకూ ఆ తడి వాసన తెలుసు. అక్కడ వాడేది రెండు రకాలు. గాలికి గట్టిపడే మెత్తటి సున్నం లోపలి గోడలకు, సన్నటి పూతలకు. తేమలోనూ గట్టిపడే సున్నం బయటి సందులకు, స్తంభాలకు. రెండోదాని సంచి మీద 2, 3.5, 5 అని అంకెలుంటాయి, అవి గట్టిదనం గుర్తులు. ఆ మెత్తటి రాయికి 2 గానీ 3.5 గానీ సరిపోతుంది. 'ఇంకా గట్టిది వేద్దాం' అనుకోవడమే తప్పు. అతుకు ఎప్పుడూ రాయి కంటే మెత్తగా ఉండాలి. ఏదో ఒకటి అరగాల్సి వస్తే సున్నం అరగాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. రాయి అరిగితే దాన్ని తెచ్చేది ఎక్కడినుంచి?

పాళ్లు కొలతపాత్రతో కొలవాలి, పారతో కాదు. ఒక వంతు సున్నానికి రెండున్నర నుంచి మూడు వంతుల ఇసుక. ఇసుక కడిగినదై ఉండాలి, గనిదో నదిదో. పక్కనే సముద్రపు ఒడ్డు ఉంది కదా అని అక్కడి ఇసుక తెచ్చి కలిపితే, గుజ్జు పట్టీలతో నెలలపాటు లాగిన ఉప్పును చేతులారా మళ్లీ గోడలో పెట్టినట్టే. పాత సందును వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 2 సెంటీమీటర్లు, చేతి ఉలితోనే తవ్వాలి. కోత మిషను పెడితే రాతి అంచులు తెగిపోతాయి, సన్నటి సందు బొద్దుగా మారి గోడ ముఖమే పోతుంది. తర్వాత దుమ్ము దులిపి, ముందురోజు సాయంత్రం ఒకసారి, పని మొదలుపెట్టే ముందు ఒకసారి తడపాలి. నింపి, కాస్త బిగిశాక కుంచెతో కొట్టి ఇసుక రేణువులు పైకి కనిపించేలా చేయాలి. మూడు నుంచి అయిదు రోజులు తడి గోనెలు కప్పాలి. 5 డిగ్రీల కంటే చలి ఉన్నా, 30 దాటి ఎండ ఉన్నా ఆ పని ముట్టకూడదు. రేవు గాలి ఎండకంటే తొందరగా ఆరబెడుతుంది. గోనె కప్పని చోట సున్నం గట్టిపడక పొడిగా రాలడం చాలామంది చూసే ఉంటారు.

స్తంభంలో రాయి మార్చడం మాత్రం గుండె దడదడలాడే పని. వరుస కమానుల్లో ప్రతి కమానూ పక్కదాన్ని తోస్తుంది, పక్కది దీన్ని తోస్తుంది. ఆ తోపులాట సమానంగా ఉన్నంతకాలం అన్నీ నిలబడతాయి. వీధి మలుపులో ఉన్న చివరి స్తంభం లావుగా ఉండటానికి కారణం అదే, దాన్ని అటువైపు నుంచి తోసే తోడు లేదు. దుకాణం గాజు వెడల్పు కోసం మధ్య స్తంభాన్ని సన్నగా చెక్కినవాళ్లు తమ ఒక్క ఇంటినే కాదు, వరుసనంతా కదిలించారు. పని మొదలుపెట్టేముందు రెండు పక్కల కమానులకూ సెంట్రింగ్ కట్టాలి. గట్టి చెక్క ఆప్పులతో, అంటే సందులోకి దిగగొట్టే కోసు ముక్కలతో, బిగించాలి. పై దూలాల కింద విడిగా ఆసరాలు నిలపాలి. బీటల మీద అడ్డంగా చిన్న గాజు పలక అతికి తేదీ రాయాలి. పలక పగిలితే ఇల్లు కదులుతున్నట్టు. ఒకసారికి ఒకే రాయి తీయాలి. పాడైన రాయి ముందు భాగాన్ని మాత్రమే మార్చాల్సి వస్తే కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతున తొలగించి కొత్త ముక్క కూర్చాలి. పల్చటి బిళ్లలు అతికిస్తే కొద్ది చలికాలాలకే ఊడొస్తాయి.

కొత్త రాయి తెచ్చినప్పుడు అది గనిలో ఏ వైపు పడుకుని ఉందో గుర్తు వేయించుకోవాలి. సున్నపురాయి పుస్తకంలా పొరలతో పుడుతుంది. స్తంభంలో ఆ పొరలు నేలకు సమాంతరంగా ఉండాలి. కమాను రాళ్లలో పొరలు కేంద్రం వైపు చూడాలి, బరువు ఎప్పుడూ పొరలకు అడ్డంగా పడాలి. పొర వీధి వైపు ముఖం పెడితే వానకు ఉప్పుకు పుటలు తిప్పినట్టు ఒక్కొక్కటే రాలిపోతుంది. పని పూర్తయ్యాక మూడు నాలుగు వారాలు ఆసరాలు తీయకూడదు. తీసేటప్పుడు కూడా ఆప్పులను కొద్దికొద్దిగా, కొన్ని రోజులపాటు వదులు చేయాలి. సెంట్రింగ్ ఒక్క మధ్యాహ్నంలో పీకేస్తే కమాను కొత్త సున్నం మీద ఒక్కసారిగా కూర్చుని నడినెత్తి దగ్గర విచ్చుకుంటుంది.

రాతి ఇళ్ల మధ్యలో చెక్క చట్రం ఇళ్లు కొన్ని మిగిలాయి. వాటిని చూడగానే పోల్చుకోవచ్చు, ముఖమంతా నల్లటి స్లేట్ పలకలు చేప పొలుసుల్లా పరుచుకుని ఉంటాయి. ఉప్పు వాన నుంచి ఓక్ చెక్కను కాపాడటానికి వేసిన చొక్కా అది. ఫ్రాన్స్‌లో స్లేట్‌కు పేరుపడ్డ ఆంజే పక్కనున్న త్రెలాజె గనులు 2013లో మూతపడ్డాయి. ఇప్పుడు స్పెయిన్ పలకలే ఎక్కువ. అందుకే పాత పలక ఊడితే పారేయకుండా తట్టి చూడాలి. ఖంగుమంటే బతికుంది, మొద్దుగా మోగితే పగులుంది. 32 × 22 సెంటీమీటర్ల పలకను 8 సెంటీమీటర్ల కప్పుదలతో వేస్తే బయటికి కనిపించేది 12 సెంటీమీటర్లు. అంటే చదరపు మీటరుకు దాదాపు 38 పలకలు, విరిగేవాటికి నూటికి పది అదనం. మేకులు రాగివి. ఇనుప మేకు కొడితే ఆ గాలికి తుప్పుపట్టి ఉబ్బి పలకను చీలుస్తుంది, పలక కంటే ముందు మేకు పోతుంది. పైకప్పులు మాత్రం స్లేటు కాదు, మన గూన పెంకుల్లాంటివే, తక్కువ వాలు మీద ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. పెంకు జారిన చోటును వెంటనే సర్దకపోతే నీరు పడేది అటక మీద కాదు, అటక గోడ లోపలి దూలం మొన మీద.

అక్కడికే చెదలు కూడా వస్తాయి. లా రోషెల్ చెదల కథ ప్రకృతి శాస్త్రంలో పేరుమోసినది. 1853లో కాత్రఫాజ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ ఊరి చెదల మీద వ్యాసం రాశాడు. ప్రభుత్వ కార్యాలయంలో దస్తావేజుల కట్టలు పైకి చక్కగానే కనిపించేవి, లోపల గుల్ల. చివరకు కాగితాలను జింకు పెట్టెల్లో దాచాల్సి వచ్చింది. ఆ చెదలు అమెరికా ఓడల్లో వచ్చినవని ఇప్పుడు తేలింది. రేవు తెచ్చిన సంపదతో ఇళ్లు లేచాయి, అదే రేవు తెచ్చిన పురుగు వాటిని తినసాగింది.

ఆ సంపద ఎక్కడిదో కూడా గుర్తుంచుకోవాలి. 18వ శతాబ్దంలో బానిసల వ్యాపారం చేసిన పెద్ద ఫ్రెంచి రేవుల్లో లా రోషెల్ ఒకటి. అలాంటి ఓడల్లో ఆఫ్రికా తీరానికి మారకపు సరుకుగా వెళ్లినవాటిలో భారతదేశపు నూలు బట్టలు ముఖ్యమైనవి. కోరమాండల్ తీరం నుంచి, మన మచిలీపట్నం వైపు నుంచి కూడా ఐరోపాకు అలాంటి బట్ట వెళ్లేది. కెరీబియన్ తోటల వ్యాపారంతో బలిసిన ఫ్లోరియో కుటుంబపు భవనం ఇప్పుడు ఆ చరిత్ర చెప్పే మ్యూజియం. ఇళ్లను కాపాడటమంటే ఆ లెక్కను చెరిపేయకుండా ఉంచడం కూడా.

చెదలకు వెలుతురు పడదు. మట్టి గొట్టాలు కట్టుకుని గిలాబు వెనక, స్లేట్ వెనక నడుస్తాయి. కాబట్టి దూలం ముఖం కాదు, గోడలో దూరిన దాని మొనను సన్నటి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. దిగబడితే గుల్ల. ఫ్రాన్స్‌లో 1999 జూన్ 8 నాటి చట్టం ప్రకారం చెదలు కనిపిస్తే పురపాలక కార్యాలయానికి తెలియజేయాలి, పాడైన చెక్కను అక్కడికక్కడే కాల్చడమో, శుద్ధి చేశాకే తరలించడమో చేయాలి. అమ్మకంలో చూపే చెదల నివేదిక ఆరు నెలలే చెల్లుతుంది. మందు కంటే ముందు ఆపాల్సింది చెమ్మ. కారుతున్న పైపు బాగుచేయకుండా ఎన్ని ఎర డబ్బాలు పాతినా చెదలు మళ్లీ వస్తాయి. పాడైన చెక్క స్తంభపు పాదం వరకే కోసి, కొత్త ఓక్ ముక్కను మెరుపు గీతలా వంకర్లు తిరిగిన అతుకుతో కూర్చి, మధ్యలో చెక్క ఆప్పు కొట్టి బిగిస్తారు. వడ్రంగులు దాన్ని 'జూపిటర్ గీత' అంటారు. ఆ అతుకు పొడవు చెక్క లావుకు కనీసం మూడింతలు ఉండాలి.

ఇక కాగితాల సంగతి. అప్పటి సంస్కృతి మంత్రి మాల్రో పేరుతో పిలిచే 1962 ఆగస్టు 4 చట్టం పాత ఊళ్లను గుంపగుత్తగా కూల్చే రోజులకు అడ్డుకట్ట వేసింది. లా రోషెల్ పాత ఊరు 1970లో దాని కింద రక్షిత ప్రాంతమైంది. 1971 నుంచి 1999 వరకు మేయర్‌గా ఉన్న మిషెల్ క్రెపో కాలంలో పాత వీధుల్లో కార్లు తగ్గి మనుషులు నడిచారు. 1997 సెప్టెంబరు 9న కార్లు లేని రోజు పాటించింది కూడా ఈ ఊరే. కమానులకు దానివల్ల కలిగిన మేలు పైకి కనబడదు, బళ్ల అదురు తగ్గడమే. రక్షణ ప్రణాళిక పటంలో ఇంటింటికీ గుర్తు ఉంటుంది, తొలగించాల్సిన కట్టడాలు పసుపు రంగులో. బయటి ముఖమే కాదు, లోపలి మెట్లు, పొయ్యిగూళ్లు, దూలాలు కూడా రక్షణలోకి వస్తాయి. తలుపు రంగు మార్చాలన్నా ముందు దరఖాస్తు పెట్టాలి, ప్రభుత్వ వారసత్వ వాస్తుశిల్పి ఒప్పుకోవాలి. చిన్న పనికి రెండు నెలలు పడుతుంది. వర్షాకాలానికి ముందు పూర్తిచేయాల్సిన పనికి వసంతంలోనే కాగితం పెట్టడం తెలివి.

అద్దెకిచ్చే ఉద్దేశంతో బాగుచేసేవాళ్లకు అదే చట్టం పన్ను రాయితీ ఇస్తుంది. ఆమోదించిన ప్రణాళిక ఉన్నచోట ఖర్చులో 30 శాతం, నాలుగేళ్లలో 4,00,000 యూరోల ఖర్చు వరకు, తొమ్మిదేళ్లు అద్దెకివ్వాలనే షరతుతో. దీనివల్ల ఎన్నో కప్పులు నిలిచాయి. కానీ ఒక్క ఇంటిని నాలుగైదు చిన్న ఫ్లాట్లుగా కోసి, కమాను పైనున్న చెక్క నేల మీద స్నానాల గదులు పెట్టడం కూడా దీనివల్లే పెరిగింది. పైన నీటి గొట్టం చెమర్చితే కింద నడిచేవాళ్లకు ముందు కనబడేది కమాను లోకప్పు మీద గోధుమ రంగు మచ్చ. దాన్ని సున్నం కొట్టి కప్పేయకుండా మేడెక్కి చూసినవాళ్లే ఇంటిని కాపాడతారు. ఇంకో నష్టం, దుకాణం వెడల్పు చేయడానికి పక్క మెట్లు పీకేయడం. మెట్లు లేని మేడ ఖాళీ, ఖాళీ మేడ పావురాలది.

నిప్పు భయం వేరు. 2013 జూన్ 28న ఊరి పురపాలక భవనం, మరమ్మతులు జరుగుతుండగానే, కాలిపోయింది. తిరిగి తెరిచింది 2019 డిసెంబరులో. అలాంటి ఇళ్లలో మంటతో, వేడి గాలి తుపాకీతో పాత రంగు ఊడదీయకపోవడమే మంచిది. తప్పనిసరి అయితే పని మధ్యాహ్నానికి ఆపి, ఆ తర్వాత కనీసం రెండు గంటలు మనిషిని కాపలా ఉంచాలి. వందల ఏళ్ల దుమ్ము పేరుకున్న అటకలో నిప్పురవ్వ వెంటనే లేవదు, నిదానంగా రాజుకుంటుంది. పక్కింటి అటకకు మధ్య గోడ కప్పు దాకా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ర్యూ ద లెస్కాల్ వైపు నడిస్తే దారి మీద రంగురంగుల గుండ్రాళ్లు కనిపిస్తాయి. ఓడలు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బరువు కోసం అడుగున వేసుకొచ్చిన రాళ్లవి. ఆ దారిలో చెప్పుల చప్పుడు వేరు, కమాను కిందికి మళ్లగానే అది మెత్తబడుతుంది. ఆ మెత్తదనం సున్నపురాయిది. మరమ్మతు చేసిన స్తంభంలో కొత్త రాయి కొన్నేళ్లు తెల్లగా విడిగా కనిపిస్తుంది. టీ నీళ్లో రంగో పూసి దాన్ని ముసలిది చేయాలని చూడకండి, వాన ఆ పని చేస్తుంది. మార్చిలో, చలికాలం దాటాక, ఒకసారి వెళ్లి స్తంభం మొదట్లో అరచేయి పెట్టి నిమరండి. తెల్లటి పొడి అంటితే పొడి కుంచెతో దులిపి, ఎత్తి, తేదీ, నేల నుంచి ఎంత ఎత్తో రాసి పెట్టుకోండి. మళ్లీ వచ్చే మార్చిలో అదే ఎత్తు దగ్గర చేయి పెట్టాలి.